మూడొందల ఒకటి దగ్గర ఆగిపోయిన అంకె

అప్పా,

“నీ వీడియో మూడొందల ఒక్కరు సూస్తే లోకం మునిగిపోతాదేటి, ఒగ్గేయ్‌రా” అని నిన్న ఫోను పెట్టేశావు. ఈరోజు ఎత్తడమే లేదు. పిల్లకి జ్వరం తగ్గిందా, అమ్మ మోకాలు ఎలా ఉంది, అదైనా అడగనివ్వలేదు. నీ తమ్ముడు బాగానే ఉన్నాడు. ఈ వేరావల్ రేవులో గాలి ఎక్కువ, గుజరాతు రొట్టె గొంతు దిగదు, అంతే.

కానీ ఆ అంకె అబద్ధం అప్పా. యూట్యూబులో వీడియో పెట్టిన సాయంత్రమే చూసినవాళ్లు మూడొందల ఒకటి. నిన్నా అదే. కింద లైకులేమో ఐదొందలు దాటాయి. చూడకుండా లైకు ఎవడు కొడతాడు? సెల్లు షాపతన్ని అడిగితే, అది అక్కడ ఆగిపోతుందట, యూట్యూబు వాళ్లు సరిచూసుకుని తర్వాతెప్పుడో పెంచుతారట. పైగా మనవాళ్లు ఒక్క ఫోను చుట్టూ పదిమంది కూర్చుని చూస్తారు. అదీ ఒకటే లెక్క.

చేప దొరికిన చోటు పక్క బోటుకి చెప్పకూడదని నాన్న నేర్పిందే. నోటితో చెప్పలేదు నేను. చేపల కుప్పని వీడియో తీస్తుంటే వెనకాల చోటు చూపే జీపీఎస్ అంకెలు కూడా పడ్డాయి. ఆ చోటు పాకిస్తాను సరిహద్దు గీతకి ఆనుకుని ఉంది. మా బోటు నడిపే సూరయ్య మావకి ఆ నీళ్లు తెలుసు కాబట్టి పట్టుబడకుండా తిరిగొచ్చాం. చూసింది మూడొందల మందేగా, అందులో రేవువాళ్లెవరుంటారులే అని వీడియో ఉంచేశాను.

మొన్న బావ తన బోటు ఎక్కుతూ నా వీపు తట్టాడు. “నీ వీడియో మావోలందరం సూసినాం బామ్మర్దీ, అక్కడికే ఎల్తన్నాం” అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. నిన్నటి నుంచి వాళ్ల వైర్‌లెస్ పలకడం లేదు. నిన్న నేను ఫోను చేసింది అది చెప్పడానికే. నువ్వు వీడియో మాట దగ్గరే తిట్టి పెట్టేశావు.

పొద్దున వీడియో తీసేశాను. అప్పుడూ అదే అంకె. ఇంకెన్ని బోట్లు అటు వెళ్లాయో ఎవర్ని అడగను?

సూరయ్య మావకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. డీజిల్ పట్టించి వచ్చి, “సోటు సూపించినోడివి నువ్వే, ముందు నువ్వెక్కు” అన్నాడు. గీత దాటం, ఇవతలే ఉండి వైర్‌లెస్‌లో పిలుస్తాం అంటున్నాడు. అడిగినప్పుడల్లా అదే మాట అంటున్నాడు గానీ నా మొహం చూడడం లేదు.

ఈ కాగితం రైల్లో ఊరికెళ్తూ చీపురుపల్లిలో దిగే అప్పలరాజు చేతికిస్తున్నాను. ఇది నీకు అందేలోపు బావే ఫోను చేసుంటాడు. చేస్తాడు. అమ్మకి చెప్పకు. మీ అత్తకీ మావకీ నా దణ్ణాలు. అరసవల్లి వైపు తిరిగి మా ఇద్దరి పేరా మొక్కుకో. ఒకవేళ బావ ఫోను రాకపోతే మాత్రం నువ్వు—

బోటు తాడు విప్పేశారు. మావ పిలుస్తున్నాడు. వస్తానప్పా.