వెచ్చని పాల మీద నింద

డెయిరీ సెక్రటరీ ధైర్యశీల్‌రావు గారికి, పక్క కొట్టం వాడి దండాలు.

నిన్న మీరు నా పాలలో లాక్టోమీటరు వేస్తే అది లోతుగా మునిగింది. నీళ్ళు కలిపానన్నారు, ఇంకోసారి మునిగితే సభ్యత్వం తీసేస్తామన్నారు. వరుసలో ఉన్న ఆక్కాతాయి ఊరంతా వినేలా, "ఏం కాకా, గేదెతో పాటు బావిని కూడా పిండావా?" అంది. అందరినీ ఆటపట్టించేవాణ్ణే గాని, పాలతో ఆటలాడను.

నా అనుమానం వినండి. నా పాలు పొదుగు వేడితోనే మీ దగ్గరికొస్తాయి. వేడికి పాలు ఉబ్బి తేలికవుతాయి, మీటరు దిగబడుతుంది. మీ బావమరిది సర్జేరావు పాలు పన్హాళా కొండ అవతలి నుంచి చల్లారి వస్తాయి. ఆయన చెంబెడు నీళ్ళు పోసినా మీటరు దర్జాగా తేలుతుంది. ఈ సంగతి మీకు తెలియదా, తెలిసే ముంచారా?

రేపు నా గేదె చంద్రిని మీ గుమ్మం ముందే కడతాను. వరుసలో అందరూ చూస్తుండగా మీరే పిండండి. వెంటనే ఒకసారి, చల్లారాక ఒకసారి మీటరు వెయ్యండి. మొదటిసారి అది మునిగిందా, ఆ నీళ్ళు పోసిన దొంగెవరో పిండిన మీరే ఆక్కాతాయికి చెప్పుకోండి.