పదకొండు జతల బూట్లు

తెనాలి, 1968 డిసెంబరు, ఆదివారం

ఈ రోజు బాపట్లలో మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. ఓడినందుకు కాదు, నాలాగే వాళ్ళ క్లబ్బుకి సెక్రటరీ అయిన సుబ్బారావుని జనం భుజాల మీదికి ఎత్తుకున్నందుకు ఒళ్ళు మండిపోతోంది.

మా రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల కోసం నాటకం వేయించి, టిక్కెట్ల మీద వచ్చిన డబ్బు చెరిసగం పంచుకున్నాం. నేను మా పదకొండు మందికీ తోలు బూట్లు కొన్నాను. సుబ్బారావు రెండు బంతులు కొని, మిగిలిన దాంతో తన వాళ్ళకి రోజూ కోడిగుడ్లు పెట్టించి సూర్యలంక సముద్రపొడ్డున ఇసకలో పరిగెత్తించాడు. అది విని అప్పుడు నవ్వాను కూడా.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉత్తకాళ్ళతో ఆడినవాళ్ళు మావాళ్ళు. బూట్లేసుకుని బాతుల్లా నడిచారు. సగం ఆటకే మడమలు బొబ్బలెక్కాయి. "విప్పేస్తామండీ సార్" అని గోల్‌కీపర్ మస్తాన్ బతిమాలాడు. అంతమందిలో విప్పించడం నాకు నామోషీ అనిపించింది. వద్దన్నాను. బాపట్లవాళ్ళు ఉత్తకాళ్ళతోనే చేపల్లా జారిపోయారు.

ఆట అయ్యాక సుబ్బారావు వచ్చి, ఒక బూటు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఎంత బాగున్నాయండీ! మావాళ్ళు ఇవే కావాలని ఒకటే గొడవ. కొనమంటారా?"

వెటకారమనుకున్నాను. కాదు, వాడి కళ్ళలో నిజంగానే ఆశ ఉంది. వెనకాల మడమలకి కొబ్బరినూనె రాసుకుంటున్న మస్తాన్ తలెత్తి నా వైపు చూశాడు.

"తప్పకుండా కొనండి సుబ్బారావు గారూ" అన్నాను. మర్చిపోతాడేమోనని కొట్టు పేరు కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.