తడి గుడ్డకే ఊడిన పెంకులు

1983 మార్చి, గురువారం. హన్మకొండ.

ఆర్నెల్లు విశాఖ సముద్రంల వేలాడిన ఇనుప పలకలు ఇయ్యాల మా ల్యాబుకొచ్చినయి. ఓడ అడుగుకు సముద్రపు పురుగుల పెంకులు గట్టిగ అతుక్కోవద్దని నేను చేసిన పాలిమర్ రంగు సగం పలకలకు, బజారు రంగు సగానికి. ఏ రంగుకు ఎన్ని పెంకులు పట్టినయో నేను తూకం వెయ్యకముందే అటెండరు యాకూబ్ భాయ్ మురికనుకొని అన్నీ కడిగి ఎండబెట్టిండు! ఏడుపొచ్చింది.

నా పీహెచ్‌డీ గైడు సారు నవ్విండు. "పరీక్ష పాయె. సముద్రం లేని ఊర్ల నీకు ఓడల రంగెందుకమ్మా?"

యాకూబ్ భాయ్ తలొంచుకున్నడు. "మాఫ్ చెయ్ బేటీ. బజారు రంగు మీది పెంకులకు ఉలి పెట్టి కొట్టిన. నీ రంగు మీదియి తడి గుడ్డకే ఊడినయి."

అది లెక్కలకు రాదంటడు సారు. ఎందుకు రాదు? యాకూబ్ భాయ్ దస్కతుతోని నోట్‌బుక్కుల ఎక్కించిన. రేపే కొత్త పలకలకు రంగేసి మల్ల విశాఖ పంపుత. ఈసారి కడుగుడే పరీక్ష. కడిగేది యాకూబ్ భాయే, సారు ముంగట.