పెళ్ళి ప్రకటన చదివిన ఆదివారం

ప్రియమైన అక్కకి,

దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ పాపా కులాసా అని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడితే తాడేపల్లిగూడెం సగం వింటుంది. అందుకే ఉత్తరం.

పుణెలో వాన ఇంకా వదల్లేదు. ఉతికిన బట్టలు ఆరి చావవు. రోజూ చపాతీలే. ఏలూరు వెళ్తే కొల్లేటి ఎండుచేపలు పంపు, వాసన రాకుండా బాగా చుట్టు. ఉద్యోగం బాగానే ఉంది, బెంగ పెట్టుకోవద్దు. ఆఫీసులో నన్ను గీక్ అంటారు, అంటే మిషన్ల పిచ్చిదని. సోడాబుడ్డి కళ్ళద్దాలు, బ్యాగులో స్క్రూడ్రైవరు, ఇంకేం కావాలి? మగవాడినైతే మేధావి అనేవారు. ఆడపిల్లని కాబట్టి రిపేర్లకి పిలుస్తారు.

సుధీర్ అలాంటివాడు కాదని నీకు చెప్పాను కదా. అదే, ఇక్కడి తెలుగు చర్చిలో కీబోర్డు వాయించే ఏలూరు అబ్బాయి. ఆరాధన అయ్యాక నేను మైకులు, వైర్లు సర్దుతుంటే పక్కనే కూర్చునేవాడు. పాత కంప్యూటరు ఆటల గురించి, నేను సొంతంగా చేస్తున్న రేడియో గురించి ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్ళం. నా మాట అంత ఇష్టంగా ఎవరూ వినలేదే అక్కా. క్రిస్మస్‌కి వాళ్ళమ్మగారితో మనింటికి వస్తాడనే అనుకున్నాను. నీతోనూ అదే చెప్పాను.

పోయిన నెల తనే చెప్పాడు, గణపవరం సంబంధం కుదిరిందని. నా మొహం చూసి కంగారుపడ్డాడు.

"మీలాంటి ఫ్రెండ్ నాకు మళ్ళీ దొరకరండీ. కానీ ఇంటి కోడలంటే అమ్మ లెక్క వేరు కదండీ. అయినా మీకిలాంటివి పట్టవనుకున్నానండీ. మీ లోకం మీది కదా" అన్నాడు.

పట్టవట! ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను. అతన్ని ప్రేమించానక్కా. ఇప్పటికీ ప్రేమిస్తున్నాను, ఏం చెయ్యను?

నిన్న ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు వాళ్ళ పెళ్ళి ప్రకటన మొదటిసారి చదివారు. సౌండు చూసేది నేనే. పెళ్ళికూతురి పేరు వచ్చేసరికి చెయ్యి వణికి ఏదో మీట నొక్కేశాను, మైకు ఆగిపోయింది. వెనక నుంచి ఒక మామ్మగారు, "అమ్మాయి పేరు వినబళ్ళేదండీ అయ్యగారూ" అన్నారు. అందరూ నావైపు తిరిగారు, సుధీర్ కూడా. "కాస్త చూడమ్మా" అన్నారు అయ్యగారు. సరిచేశాను. మళ్ళీ మొదటినుంచి చదివారు. పేరు ఆఖరి బెంచీ దాకా స్పష్టంగా వినబడింది. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలని చెప్పి కాసేపు ఆగారు. నేను మైకు మళ్ళీ ఆగకుండా చూసుకుంటూ కూర్చున్నాను.

అమ్మతో నువ్వే చెప్పు, క్రిస్మస్‌కి ఎవరూ రారని. ఇంటికి రంగులు వేయిస్తోందట కదా, మన పండగకే అనుకుని వేయించమను. నేను మాత్రం వస్తాను. నాన్నగారికి, అమ్మకి, బావగారికి నా వందనాలు. పాపకి ముద్దులు.

ప్రకటన ఇంకా రెండు ఆదివారాలు చదవాలి. మైకు చూడడం ఇక్కడ నాకొక్కదానికే వచ్చు. ఆ రెండుసార్లూ నా చెయ్యి వణక్కుండా ప్రార్థన చెయ్యి.

నీ చెల్లెలు,
ప్రశాంతి