నేను టెంపరరీ మనిషినట

జూన్ 3, మంగళవారం

ఆసుపత్రి లాండ్రీలో మా అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్. ఎవరి పేరుతో వాళ్లు లాగిన్ అయ్యి, ఉతికిన దుప్పట్ల లెక్క ఎక్కించాలి. ఈ రోజు నా పేరు కొడితే యూజర్ ప్రొఫైల్ లోడ్ కావడం లేదంది. తర్వాత టెంపరరీ ప్రొఫైల్ అంటూ ముక్కూమొహం తెలియని స్క్రీన్ ఒకటి చూపించింది. లెక్క ఎక్కించాను. బయటికొచ్చి మళ్లీ చూస్తే మొత్తం మాయం. పొద్దంతా గొడ్డులా ఉతికినా ఉతకనట్టే.

సూపర్‌వైజర్‌ని మేం పొదుపయ్య అంటాం. ఇది నా కోతిపనే అన్నాడాయన. మొన్న మౌస్ కింద టేపు అంటించింది నేనే, కాదనను. స్క్రీన్ తలకిందులు చేసి, ఆయన మెడ వంచుకుని చదువుతుంటే నవ్విందీ నేనే. ఇది మాత్రం నాది కాదు.

జూన్ 4, బుధవారం

ఇవాళా అంతే.

జూన్ 6, శుక్రవారం

పొదుపయ్య కాగితం తెచ్చాడు. కంప్యూటర్ నేనే చెడగొట్టానని సంతకం పెట్టాలట. లేకపోతే సోమవారం నుంచి పనిలోకి రావద్దట. ఒక్క సంతకంతో పోయేదానికి ఎందుకక్కా ఈ పంతం అని ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి నా తోడికోడలు గొణిగింది. చేసిన వెధవ పనులకైతే ఎన్ని సంతకాలైనా పెడతాను, చెయ్యనిదానికి వేలిముద్ర కూడా వేయనన్నాను. నీ చదువు ఏడో తరగతిలో ఆగింది గానీ నోరు ఆగలేదమ్మా అన్నాడు పొదుపయ్య. దానికి సెలవుల్లేవండీ అన్నాను.

జూన్ 9, సోమవారం

వెళ్లాను. రావద్దనగానే ఆగిపోవడానికి నేనేమైనా అక్కడికి చుట్టపుచూపుగా పోతున్నానా.

కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి వచ్చింది. లాగిన్‌లో ఉండగానే కరెంటు ఆపేస్తుంటే ప్రొఫైల్ ఫైళ్లు చెడిపోతాయంది. ఎవరాపుతున్నారని అడిగింది. అందరం గోడమీది మెయిన్ స్విచ్ వైపు చూశాం. షిఫ్టు అయిందో లేదో, పొదుపు పొదుపంటూ దాన్ని టక్కున దించేదెవరో ఉతికే మిషన్లకి కూడా తెలుసు. పొదుపయ్య సీలింగు వైపు చూశాడు.

ఆ అమ్మాయి నాకు కొత్త ప్రొఫైల్ చేసి, పాస్‌వర్డ్ నీ ఇష్టం పిన్నీ అంది. కాగితం మాత్రం ఆయన జేబులోంచి పోలేదు. పైవాళ్లకి ఎవరో ఒకరిని చూపించాలి కదా, రేపు సంతకం పెట్టేసెయ్ అన్నాడు.

జూన్ 10, మంగళవారం, ఉదయం

నిన్న సాయంత్రం కూడా, తను లాగిన్‌లో ఉండగానే మెయిన్ టక్కున దించాడు. ఇవాళ ఆయన ప్రొఫైలే తెరుచుకోవడం లేదు. మధ్యాహ్నంలోపు పైకి లెక్కలు పంపాలి. మీ లాగిన్ ఇవ్వండని ఒక్కొక్కరినీ అడిగాడు. పాపం, అందరూ ఒక్కసారే పాస్‌వర్డులు మరిచిపోయారట. నా తోడికోడలైతే తనకసలు కంప్యూటరే గుర్తులేదంది.

నాకు గుర్తుంది. ముందు కాగితం చించమన్నాను.

చించాడు.

అదే రోజు, మధ్యాహ్నం

పాస్‌వర్డ్ చెప్పాను. ఒక్కో ముక్క పైకి చదువుకుంటూ, అందరి ముందూ ఒంటివేలితో కొట్టాడు: మెయిన్ ఆపింది నేనే.

తెరుచుకుంది.