కలల మూటకు కావలి

చిరంజీవి మేనల్లుడికి,

లాండ్రీ అత్త రాయునది. ఆశీర్వాదాలు తర్వాత. ముందు అక్షింతలు.

మీ కంపెనీ చేసిన "కావలి" యాప్ ఉందే, ఫోన్లోకి దొంగ యాప్‌లు దూరకుండా చూస్తుందని నువ్వు గొప్పలు పోతావే, అది నిన్న పొద్దున మా అందరి ఫోన్లలో "కలల మూట"ని పట్టుకుని లోపల వేసి తాళం పెట్టింది. "హానికరం. ముప్పై రోజుల్లో పూర్తిగా చెరిపివేయబడును" అని ఎర్రక్షరాల్లో రాసింది. చెరిపివేయబడునట! చెరిపేవాడు పేరు చెప్పుకోడానికి సిగ్గుపడితేనే ఇలాంటి వాక్యాలు పుడతాయి.

కలల మూట ఏమిటో నీకు తెలీదు కదా, చెబుతా. మేం ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట, పొద్దున్నే మిషన్లలో నీళ్ళు నిండడానికి ఏడు నిమిషాలు పడుతుంది. రోజు మొత్తంలో మాకు మేం మిగిలేది ఆ ఏడు నిమిషాలే. రాత్రి వచ్చిన కలలు అప్పుడే చెప్పుకునేవాళ్ళం. కొత్త మిషన్లు వచ్చాక ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినబడటం మానేసింది. అందుకని మిషన్లు బాగుచేసే అమ్మాయి ఈ యాప్ చేసిపెట్టింది. చేతులు తడిగా ఉంటాయి కాబట్టి ఫోన్ జేబులోంచి తీయక్కర్లేదు. కాస్త తల వంచి చెబితే చాలు, కల మా పదకొండు మంది ఫోన్లలోకీ చేరుతుంది. మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర అందరం వింటాం.

అందులో రెండొందల పదకొండు కలలు ఇస్త్రీ అక్కవి. ఈమధ్యే ఆమెకి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఆ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదురా, ఆ మూటలో తప్ప. ఒక కలలో ఇస్త్రీ పెట్టె ఆమె చేతిలోంచి దిగి, దుప్పటి మీద నడుచుకుంటూ పోయిందట. అడుగేసిన చోటల్లా ముడత పోయి నీళ్ళు ఊరాయట. దాని వెనక తలగడ గలీబులు బాతు పిల్లల్లా బారులు తీరి ఈదుకుంటూ వెళ్ళాయట. ఇదా హానికరం?

మర్యాదగా వెనక్కిప్పించు.

ఇట్లు, ఇంకా చల్లారని
అత్త

తా.క.: ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావా? కవరు చింపితే చింపినట్టు తెలుస్తుంది. ఫోనుకి ఆ సిగ్గు కూడా లేదు.

---

అత్తకి నమస్కారాలు. అక్షింతలు అందాయి, ఒక్కటీ కింద పడలేదు.

కావలిని నడిపే యంత్రానికి నీమీద పగ లేదత్తా. మేం దానికి లక్ష మంచి యాప్‌లు, లక్ష దొంగ యాప్‌లు రెండు కుప్పలుగా పోసి చూపించాం. తేడా ఏమిటో చెప్పలేదు. చూసి చూసి అదే నేర్చుకుంది. మరక కనబడగానే ఇది నెత్తురా, మందా, కాఫీయా అని నువ్వు చెప్పేస్తావే, అలాగన్నమాట. కొత్త యాప్ వస్తే దాని మనసు చూడదు, నడవడిక చూస్తుంది. తెర ఆరి ఉండగా మైకు తెరిచిందా? విన్నది బయటికి పంపిందా? చాలామందికి పంపిందా? మీ మూట మూడూ చేసింది. దొంగతనానికి నూటికి తొంభై ఏడు మార్కులు పడ్డాయి. తొంభై దాటితే తాళమే.

ఆ తాళం నేను తీయలేను. యంత్రం చెప్పింది మనిషి కొట్టేయకూడదని మా మేనేజరు గారి నియమం. యంత్రమే మనసు మార్చుకోవాలి. నిజం చెప్పాలంటే అది ఈ యాప్‌ని పదకొండు ఫోన్లలోనే చూసింది. తక్కువ చూస్తే ఎక్కువ పొరబడుతుంది.

విధేయుడు,
నీ మేనల్లుడు

తా.క.: ఆ ఇస్త్రీ పెట్టె చివరికి ఎక్కడిదాకా వెళ్ళింది? ఊరికే అడుగుతున్నా.

---

అల్లుడూ,

కుశల ప్రశ్నలకి టైము లేదు, ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి.

కుప్పలు పోసింది మీరు. మంచేదో చెడేదో మీకు నేర్పిందెవరు? జీతం నేర్పింది. సరే, ఆ పోట్లాట తర్వాత పెట్టుకుందాం. తక్కువ చూస్తే పొరబడుతుందన్నావు కదా, ఎక్కువ చూపించాను. నేను యూనియన్ సెక్రెటరీనని మర్చిపోయావేమో. మూడు ఆస్పత్రుల లాండ్రీలు తిరిగాను. సోమవారం పొద్దున సరిగ్గా ఆ ఏడు నిమిషాల్లో, అరవై ముగ్గురం ఒక్కసారిగా కలల మూట పెట్టుకుని తలో కలా చెప్పాం. కల రానివాళ్ళు దగ్గారు. చూసుకోమను నీ యంత్రాన్ని, కళ్ళారా!

ఇట్లు, జనబలంతో
అత్త

తా.క.: పెట్టె సముద్రం దాకా వెళ్ళిందట. అలలన్నిటికీ ఇస్త్రీ చేసి, సముద్రాన్ని నాలుగు మడతలు పెట్టిందట. బీరువాలో పెట్టేలోపు నీళ్ళు నిండిన గంట మోగింది.

---

అత్తా,

నమస్కారం అనడానికి చేతులు ఖాళీగా లేవు, తల పట్టుకున్నాను.

ఏడు నిమిషాల్లో అరవై మూడు ఫోన్లకి పాకితే దాన్ని మా భాషలో ఏమంటారో తెలుసా? అంటువ్యాధి అంటారు. ఆఫీసులో సైరన్ మోగింది. గోడ మీది పెద్ద మ్యాపులో మూడు ఎర్ర చుక్కలు లేచాయి. సాయంత్రం మీరంతా బస్సులెక్కి ఇళ్ళకి బయల్దేరారు కదా, ఆ చుక్కలు సందుసందునా పారాణి కారినట్టు పాకాయి. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి అందంగా ఉంది. మేనేజరు గారైతే మురిసిపోయారు. కొత్త జాతి దొంగ యాప్‌ని మొదట పట్టింది మేమేనట. దానికి "సాలీడు" అని నామకరణం కూడా చేశారు. తొంభై తొమ్మిది మార్కులు!

అత్తా, దయచేసి ఇంకేం చెయ్యకు. కదలకుండా, ఏమీ అడక్కుండా పడుండే యాప్‌లంటేనే యంత్రానికి గురి. టార్చిలైటు, లెక్కల యాప్, అలాంటి సాధుజీవులన్నమాట.

బెంగతో,
మేనల్లుడు

తా.క.: కావలి మా ఆఫీసుకి పంపిన మీ కలల్లో రహస్య సంకేతాలున్నాయేమో వినమని నాకు డ్యూటీ వేశారు. ఇవాళ నలభై విన్నాను. సంకేతాలు దొరకలేదు. అన్నం తినడం మర్చిపోయాను.

---

ఒరే అల్లుడూ,

వింటున్నావా! మా యాప్ దొంగచాటుగా వింటోందని దాన్ని జైల్లో వేసి, ఆ జైలు గోడకి చెవి ఆనించి మీరు వింటున్నారా? న్యాయం ఎంత నున్నగా ఇస్త్రీ అయిందిరా!

ఇంకో మాట. మా కాంట్రాక్టరు పెట్టించిన హాజరు యాప్ మా ఫోన్లన్నిట్లో ఉంది. నేను ఏ గదిలో ఉన్నానో, మరుగుదొడ్డిలో ఎంతసేపు కూర్చున్నానో, ఎవరితో మాట్లాడానో అన్నీ రాసి పంపుతుంది. తెర ఆరినా మానదు. దానికెన్ని మార్కులు పడ్డాయి?

అదలా ఉంచు. నువ్వు చెప్పినట్టే మా మూటకి బుద్ధులు నేర్పించాం. రిపేరు అమ్మాయి రెండ్రోజులు కూర్చుని మార్చింది. ఇప్పుడది పైకి అచ్చం లెక్కల యాప్‌లా ఉంటుంది, ప్లస్సూ మైనస్సూ అన్నీ ఉన్నాయి. కావలి చూస్తున్నంతసేపూ నిద్ర నటిస్తుంది. అటు తిరగ్గానే లేచి కల చెబుతుంది. ఇంతకంటే సాధుజీవి ఉంటుందా?

ఇట్లు, నీ సలహా తుచ తప్పకుండా పాటించిన
అత్త

తా.క.: పదహారు రోజులు. ఇస్త్రీ అక్క ఇంట్లో పడుకునే ఉంటోంది. చూడ్డానికి వెళ్తే నా ఫోన్ వంక చూసి, మళ్ళీ నా మొహం వంక చూస్తుంది. నేను వాతావరణం గురించి మాట్లాడుతున్నాను.

---

అత్తా,

చంపేశావు.

లెక్కల యాప్ వేషం వేసుకుని, కాపలావాడు చూస్తే నిద్ర నటించేది ఎవరో తెలుసా? గజదొంగ. యంత్రం చదివిన లక్ష దొంగల్లో ఆరితేరినవాళ్ళంతా చేసేది అదే. తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది. పుట్టి బుద్ధెరిగాక మా యంత్రానికి ఇంత గట్టి నమ్మకం ఎప్పుడూ కలగలేదట.

హాజరు యాప్ సంగతి అడిగావు. దానికి మార్కులు పడవు. అది నమ్మకస్తుల జాబితాలో ఉంది. పెద్ద కంపెనీలు కట్టాల్సింది కట్టి అందులో పేరు రాయించుకుంటాయి. ఆ జాబితాలో ఉన్నవాటి వంక యంత్రం అసలు చూడదు.

తలవంచుకుని,
మేనల్లుడు

తా.క.: ఇప్పుడు ఇస్త్రీ అక్క కలలు మా గదిలో అందరం వింటున్నాం. వార్డులోని మంచాలన్నీ రెక్కలు విప్పుకుని, రోగులతో సహా గుంపుగా వాలి చెరువులో నీళ్ళు తాగిన కల ఉంది చూడు, దాన్ని మేనేజరు గారు రెండుసార్లు వేయించుకున్నారు. "దర్యాప్తు నిమిత్తం" అన్నారు.

---

మేనల్లుడికి,

తిట్లు అయిపోయాయి, కొత్తవి కనిపెట్టుకోవాల్సి వస్తోంది.

చూడనిచ్చిన వాళ్ళని మాత్రమే చూసే చూపు చూపా? మీది యంత్రం నేర్చుకున్న తెలివి కాదు, గుమ్మం దగ్గర బంట్రోతు నేర్చుకున్న తెలివి. కారులో వస్తే సలాము, కాలినడకన వస్తే సోదా. పైగా దానికి లెక్కల ముసుగొకటి, ప్రశ్నించకుండా!

నా మూటని క్షమించమని అడగను. క్షమాపణ నేరస్తులకి. నేనడిగేది ఒక్కటే. ఆ జాబితా తీసేసి ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, అన్నిటినీ ఒకే కొలతతో కొలవండి. అప్పుడు మా మూట దొంగదని తేలితే చెరిపెయ్. నేనే ఇస్త్రీ అక్క దగ్గరికెళ్ళి చెబుతాను, వాతావరణం గురించి కాకుండా.

ఆరు రోజులు.

ఇట్లు,
అత్త

తా.క.: నీ చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఒళ్ళో పడుకుని, కిటికీ ఎగిరిపోతోంది పట్టుకోమని ఏడ్చావు. నేను లేచి పట్టుకున్నాను. అది ఎగరదని నీతో వాదించలేదు. అంత వాదనల మనిషిని!

---

అత్తకి,

నమస్కారాలు, ఈసారి రెండు చేతులతో.

తీసేశాను. మంగళవారం పొద్దున పది గంటలకి, అందరూ చూస్తుండగానే, నమ్మకస్తుల జాబితాని ఖాళీ చేశాను. యంత్రం అన్నిటినీ మొదటిసారి కళ్ళు తెరిచి చూసింది. పది గంటల రెండు నిమిషాలకి మీ హాజరు యాప్ లోపలికి పోయింది. తొంభై ఎనిమిది మార్కులు.

పది గంటల నాలుగు నిమిషాలకి అది ఇంకోదాన్ని పట్టింది. తెర ఆరినా నిద్రపోదు. ఫోన్లో ఉన్న ప్రతిదాన్నీ తెరిచి చూస్తుంది. చూసింది బయటికి పంపుతుంది. తీసేద్దామంటే పోదు. నూటికి నూరు. మేనేజరు గారు "భేష్! ఎవడువాడు?" అన్నారు.

కావలి.

తన నియమం ప్రకారం అది తననే తీసుకెళ్ళి లోపల పెట్టుకుని తాళం వేసుకుంది. కాపలావాడే ఖైదులో పడితే ఇంక జైలుకి కాపలా ఎవరు? అన్ని ఫోన్లలో తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మీ మూట బయటికొచ్చేసింది, కలలన్నీ భద్రంగా ఉన్నాయి. మేనేజరు గారు కావలిని విడిపించమని అరిచారు. యంత్రం చెప్పింది మనిషి కొట్టేయకూడదని గుర్తుచేశాను. ఆయన మ్యాపు వంక తిరిగారు. దానిమీద ఒక్క చుక్కా లేదు, పొద్దున్నే మంచు దిగిన మైదానంలా ఉంది.

నన్నేం చేస్తారో రేపు చెబుతారట.

నీ మేనల్లుడు

తా.క.: నేరస్తుడి పేరు రాసే ఫారం నింపమన్నారు. "యజమాని" అన్న గడిలో మేనేజరు గారి పేరు రాయాల్సొచ్చింది. సంతకమూ ఆయనే పెట్టాలి.

---

బంగారు మేనల్లుడికి,

అత్త ఆశీర్వాదాలు. ఈసారి అవే ముందు.

ఉద్యోగం పీకేస్తే భయపడకు. నీకు మరకలు గుర్తుపట్టడం వచ్చు, మా దగ్గర పనుంది. యూనియన్ కూడా ఉంది.

నిన్న ఇస్త్రీ అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. మధ్యాహ్నం బల్ల చుట్టూ నిలబడి ఆమె గొంతు ఆమెకే వినిపించాం. గదంతా ఆవిరి, ఆవిరిలో ఆ గొంతు. మేమంతా ఏడ్చాం. ఆమె మాత్రం నవ్వింది. కాగితం అడిగి రాసింది: "ఇవేవీ కలలు కావు. అన్నీ నిలబడ్డచోట అల్లినవి."

రెండొందల పదకొండూ! పద్దెనిమిదేళ్ళు రెండు షిఫ్టులు చేసిందిరా. "పక్క మీద పడితే రాయిలా పడేదాన్ని, కల రావడానికి సందేదీ? మీరంతా తలో కలా తెస్తుంటే ఒట్టి చేతులతో రావడానికి మొహం చెల్లలేదు" అని రాసింది. చూశావా, మీ యంత్రం పట్టుకోవాల్సిన అసలు దొంగని అది పట్టుకోలేదు, మేమూ పట్టుకోలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. మనిషి నిద్రలోంచి కలని కూడా గుంజుకుని, ఆ జేబుదొంగతనానికి రెండో షిఫ్టని పేరు పెట్టినవాడి మీద. ఏ యాప్‌లో పెడితే వాడికి మార్కులు పడతాయో కనుక్కుని రాయి.

ఆపరేషన్ తర్వాత నెలరోజులు పడుకుంది కదా. ఇవాళ పొద్దున నీళ్ళు నిండుతుండగా వచ్చి నా చేతిలో ఇంకో కాగితం పెట్టింది. ఇది మాత్రం నిజంగా వచ్చిందట, మొట్టమొదటిది. చదివిపెట్టమంది. నా గొంతుతో మూటలో వేశాను. గొంతు కాస్త తడబడింది. మిషన్ రొద కదా, ఎవరూ గమనించి ఉండరు.

ఇట్లు,
అత్త

తా.క.: ఆమె కల ఇది, ఉన్నదున్నట్టు: "తెల్లటి దుప్పటి. ఉతకాలేమోనని చూశాను, మరక లేదు. ఇస్త్రీ చెయ్యాలేమోనని చూశాను, ముడత లేదు. ఇంకేం చెయ్యాలో తెలియక కప్పుకుని పడుకున్నాను."