మొదటి పేజీ దాటని పెద్దాడికి వీధి గది దక్కదని రాసిన కాగితం

మా చిన్నమ్మాయి రాసిన పుస్తకాన్ని సంఘంవాళ్ళు ఒప్పుకున్నారు, ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నాలుగుసార్లు చదివించుకున్నాను, ఐదోసారి కూడబలుక్కుని నేనే చదువుకున్నాను.

సంతోషంతో ముసలాడికి మతి చెడిందని రేపు ఎవరైనా అంటారేమో. అందుకని ముందే రాస్తున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళ నేను, పుస్తకాల బైండింగు పనివాణ్ణి, ఎనిమిదో తరగతి వరకు చదివినవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి చెడినవాళ్ళెవరో కింద తెలుస్తుంది. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు.

1. వీధివైపు గది, అందులోని పెద్ద బల్ల, ఎనిమిది కుర్చీలు మా చిన్నమ్మాయికి సర్వహక్కులతో చెందాలి. పాత వీలునామాలో ఇది పెద్దాడి వాటా. "నువ్వు పోయిన మర్నాడే ఆ గదికి తాళం వేసి ఈ బూతు బృందాన్ని తరిమేస్తా నాన్నా" అని వాడు నా మొహం మీదే అన్నాడు. నా చావు కోసం అంత శ్రద్ధగా ఎదురుచూసేవాణ్ణి మళ్ళీ చూడబోను.

ఆ బృందం చేసేదేమిటో కోర్టువారికి చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుని కథ ఆడతారు. ఒకరు నడిపిస్తారు, తక్కినవాళ్ళు తలా ఒక వేషం వేసుకుని, పాచిక వేసి, తర్వాత ఏం చేస్తామో చెబుతారు. ఆ కథల పుస్తకాలు ఆటగాళ్ళే రాసి, తమ సంఘం పరిశీలించి ఒప్పుకున్నాక ఒకరికొకరు పంచుకుంటారు. మా అమ్మాయి రాసింది వరదలో చిక్కిన ఊరి కథ. అందులో చావులున్నాయి, తాగుడుంది, ఒక ఆడమనిషి మీద దౌర్జన్యం ఉంది. పిల్లలకి పనికిరాదు. ఆ సంగతి తను దాచలేదు. మొదటి పేజీలోనే ఇలాంటివి పదకొండు విషయాలు వరసగా రాసి, పద్దెనిమిది నిండనివాళ్ళు వద్దని, పెద్దవాళ్ళైనా ముందు మాట్లాడుకుని ఇష్టంలేనిది తీసేసి ఆడుకోమని చెప్పింది. బల్ల మధ్య ఎర్ర అట్టముక్క ఒకటి పెడతారు. దాన్ని ఎవరు ముట్టుకున్నా ఆ ఘట్టం అక్కడితో ఆగుతుంది. ఎందుకని అడగకూడదు.

2. వెనక రెండు గదులు పెద్దాడికే. ఎంతైనా కొడుకు. వాటితోపాటు నా చదివే కళ్ళజోడు కూడా వాడికే, నాకంటే వాడికే అవసరం. వాడు ఆ పుస్తకాలు పరిశీలించే సంఘానికి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, చెల్లెలి పుస్తకాన్ని రెండు నెలలు ఆపించాడు. ఆ రెండు నెలలూ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు. "పదకొండు అసభ్య విషయాలున్నాయి" అని జాబితా ఇచ్చాడట. సంఘంవాళ్ళు సరిచూస్తే అవి మొదటి పేజీలో ఉన్న పదకొండే, అదే వరసలో, అవే మాటల్లో. "ముందుగా చెప్పవలసినదేదీ రచయిత్రి విడిచిపెట్టలేదని ఫిర్యాదుదారు జాబితాయే రుజువు చేస్తోంది" అని రాసి పుస్తకం ఒప్పుకున్నారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి, మా పిల్లకి సాక్ష్యం చెప్పి వచ్చాడు మహానుభావుడు. బైండింగువాడి ఇంట పుట్టి రెండో పేజీ తిప్పడం చేతకాలేదు.

3. "ఆడపిల్ల రాయాల్సిన రాతలా ఇవి" అని ఇల్లిల్లూ తిరిగిన మా బావమరిదికి, కాలికో గుడ్డ అంటించిన అట్ట వేసిన ఖాళీ పుస్తకం ఒకటి. ప్రతి పెళ్ళిలోనూ పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పే ఆ జోకులన్నీ అందులో రాసుకుని, ఏమేం ఉన్నాయో మొదటి పేజీలో రాయమనండి. గురివింద గింజ తన నలుపు తనెప్పుడు చూసుకుంది గనక.

4. నా దబ్బనాలు, కాగితాలు మడిచే బద్ద, అట్టలు నొక్కే చిన్న ప్రెస్సు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయికి. ఆటలో కథ నడిపించేది ఆవిడే. ఒక ఆదివారం నన్నూ కూర్చోబెట్టి పడవవాడి వేషం ఇచ్చారు. కాసేపటికి ఒక పిల్లవాడు నీళ్ళలో కొట్టుకుపోయే ఘట్టం వచ్చింది. మా రెండోవాడు ఆరేళ్ళప్పుడు అలాగే పోయాడు. నా చెయ్యి దానంతటదే అట్టముక్క మీదికి వెళ్ళింది. ఆ అమ్మాయి "వాన తెరిపిచ్చింది, తాతగారి పడవ ఒడ్డుకి చేరింది" అని కథ ముందుకి నడిపింది. ఎవరూ నా మొహంకేసి చూడలేదు. ఇక మా చుట్టాలు, పరువు మర్యాదలు తెలిసినవాళ్ళు, నలభై మూడేళ్ళుగా ప్రతి శుభకార్యంలోనూ "ఆ పూట నువ్వెక్కడున్నావురా" అని అడుగుతూనే ఉన్నారు. అసభ్యం ఎక్కడుందో నాకు ఆ ఆదివారం తెలిసింది.

5. ఇవన్నీ అమలు జరిపే బాధ్యత మా వీధి చివరి టైలరుది. కొలత తప్పని మనిషి.

మార్చి పదకొండు, మంగళవారం.

(సంతకం) బైండింగు తాత

సాక్షులు: కటింగు మిషను నడిపే నా పాత జతగాడు, ఎదురింటి నర్సమ్మ.

పుస్తకం ఒప్పుకున్న కబురు వెంటనే చెప్పవలసినవారు:
పెద్ద తోడల్లుడు. చెవుడు, గట్టిగా చెప్పాలి, వీధంతా విన్నా ఫరవాలేదు.
బావమరిది భార్య. ఆయన పక్కనుండగా చెప్పాలి.
టీచరు మేనకోడలు. సంతోషిస్తుంది.
మా అక్కయ్య. మొదటి పేజీ చదివి వినిపించి, మిగతాది వద్దంటే ఊరుకోవాలి.
కోడలు, పెద్దాడి భార్య. ఈమెకి చెప్పనక్కర్లేదు, పుస్తకం చివరిదాకా ఎప్పుడో చదివేసింది.
పెద్దాడు. వాడికి చెల్లెలే చెప్పాలి, ఎదురుగా కూర్చుని. నేను పక్క గదిలో ఉంటాను.